అవతలి ఒడ్డున హట్ ఉంది

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినబడుతోందా? సరే. ఫోటోలు చూపిస్తాననుకుని వచ్చినవాళ్ళు నన్ను క్షమించాలి, ఒక్కటీ తేలేదు. ఒక మ్యాప్ తెచ్చాను, ఒక స్టవ్ తెచ్చాను. వాటి సంగతి చివర్లో.

మనలో చాలామంది న్యూజిలాండ్ వచ్చి నాలుగైదేళ్ళు దాటింది. క్వీన్స్‌టౌన్ చూశాం, మిల్‌ఫర్డ్ సౌండ్‌లో పడవెక్కాం, రొటొరువాలో బురద ఉడకడం చూశాం. అంతా కారులోంచి. ఈ దేశంలో కారు దిగాక మొదలయ్యే దేశం ఇంకొకటి ఉంది. దాని గురించి మాట్లాడమన్నారు నన్ను.

ఇక్కడివాళ్ళు దీన్ని హైకింగ్ అనరు, ట్రెక్కింగ్ అనరు. ట్రాంపింగ్ అంటారు. మూటాముల్లె వీపున వేసుకుని, లోయ వెంబడి పైకి నడిచి, రాత్రికి ఒక హట్‌లో పడుకుని, తెల్లారి కొండ దాటి పక్క లోయలోకి దిగి, అక్కడ ఇంకో హట్. అంతే. వినడానికి ఇంతకంటే ఏమీ లేదు.

హట్ అంటే తెలుగులో గుడిసె అనొచ్చు. కానీ గుడిసె అనగానే మన కళ్ళకి తాటాకు కనబడుతుంది. ఇది అది కాదు. రేకుల ఇల్లు. చాలావాటికి ఒకటే గది. గోడవారగా పైనా కిందా బంకులు, వాటి మీద పరుపులు. మూల ఒక ఇనప పొయ్యి. పైకప్పు మీద పడ్డ వాన బయట ట్యాంకులోకి పోతుంది, అవే తాగే నీళ్ళు. కాస్త దూరంలో గుంట మరుగుదొడ్డి. కరెంటు లేదు. ఫోన్ సిగ్నల్ లేదు. చాలావాటికి కాపలా మనిషి లేడు. తాళం లేదు. మళ్ళీ చెప్తున్నాను, తాళం లేదు. అర్ధరాత్రి తడిసి ముద్దయి వచ్చినా గడియ తీసుకుని లోపలికి పోవచ్చు. ఇలాంటివి ఈ దేశంలో 950కి పైగా ఉన్నాయి. ప్రభుత్వ శాఖ డిపార్ట్‌మెంట్ ఆఫ్ కన్జర్వేషన్, అందరూ డాక్ అంటారు, వాళ్ళు చూసుకుంటారు.

ఇన్ని హట్‌లు ఎవరు కట్టారు? ఎందుకు కట్టారు? మనలాంటి వాళ్ళు వచ్చి పడుకుంటారని కట్టారా? కొన్ని అలాగే కట్టారు. వెల్లింగ్టన్ పక్కన టరరువా కొండల్లో ఫీల్డ్ హట్ అని ఉంది, 1924లో టరరువా ట్రాంపింగ్ క్లబ్ వాళ్ళు కట్టుకున్నది, ఇప్పటికీ నిలబడే ఉంది. ఆ క్లబ్ 1919 నాటిది. కానీ ఎక్కువ హట్‌ల కథ వేరు. వాటిని కట్టించింది జింకలు.

నవ్వకండి, నిజం. ఈ నేలకి సొంతమైన జంతువుల్లో గబ్బిలాలు తప్ప నేల మీద తిరిగే క్షీరదం ఒక్కటీ లేదు. వలస వచ్చినవాళ్ళకి వేట సరదా తీరడం లేదని 1851 నుంచి ఎర్ర జింకల్ని ఓడల్లో తెచ్చి వదిలారు. వాటిని తినే పులి లేదు, తోడేలు లేదు. అడవి నిండా పచ్చని మేత. ఇంకేముంది? పెరిగాయి. మొక్కని మొక్కగా ఉండగానే మేసేస్తే రేపు చెట్టు ఎక్కడినుంచి వస్తుంది? మట్టి కోసుకుపోతుంది, ఏళ్ళు పూడిపోతాయి అని భయం పట్టుకుంది. 1930లో జింకలకున్న రక్షణ ఎత్తేశారు, ప్రభుత్వమే వేటగాళ్ళని పెట్టింది. 1956లో ఆ పని ఫారెస్ట్ సర్వీస్ చేతికి వచ్చింది. వేటగాడు నెలల తరబడి లోయల్లో ఉండాలంటే తల దాచుకోవాలి కదా. అందుకని లోయ లోయకీ ఒక హట్, దానికి పోయే దారి, ఏటి మీద తీగ వంతెన. సామాను కొన్నిచోట్ల విమానంలోంచి కిందకి పడేసేవాళ్ళు. తర్వాత హెలికాప్టర్లు వచ్చాయి, గాల్లోంచే వేట మొదలైంది, జింక మాంసం ఎగుమతి వ్యాపారమైంది. నేల మీద నడిచే వేటగాడి అవసరం తగ్గింది. హట్‌లు మిగిలిపోయాయి. 1987లో ఫారెస్ట్ సర్వీస్ మూసేసి డాక్ పెట్టినప్పుడు అవన్నీ దాని చేతికొచ్చాయి. మనం పడుకునే బంకు మీద అరవై ఏళ్ళ కిందట తుపాకీ పక్కన పెట్టుకుని ఎవడో ఇరవయ్యేళ్ళ కుర్రాడు పడుకున్నాడు. కొన్నిచోట్ల గోడ మీద వాళ్ళ పేర్లు చెక్కి ఉంటాయి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, హట్ ఎక్కడుందో అక్కడ ఎందుకుందో తెలియాలి. వేటగాడికి అనువైన చోట కట్టారు. మీకు అనువైన చోట కాదు. దానివల్ల తరచు ఏమవుతుందంటే, మీరు ఏటికి ఈ పక్క ఉంటారు, హట్ ఆ పక్క ఉంటుంది.

ఇక నా కథ.

దక్షిణ దీవి, పడమటి తీరం. లోయ పేరు ఇక్కడ ముఖ్యం కాదు. మేం ముగ్గురం, నేనూ, ఆఫీసులో ఇద్దరు స్నేహితులూ. శుక్రవారం బయల్దేరాం, సోమవారం ముగ్గురికీ డ్యూటీ. ఈ సోమవారం అన్న మాట గుర్తుపెట్టుకోండి. శుక్రవారం రాత్రంతా వాన. శనివారం పగలు మా మీద పెద్దగా పడలేదు, మబ్బు మాత్రం కొండల మీద కూర్చుని కదల్లేదు. మధ్యాహ్నం మూడింటికి ఏటి ఒడ్డుకి వచ్చాం. ఎదురుగా, చెట్ల సందులోంచి, నారింజ రంగు గోడ. హట్. పొగగొట్టంలోంచి పొగ కూడా వస్తోంది. వంద మీటర్లు ఉంటుందేమో. మధ్యలో ఏరు.

మామూలుగా అక్కడ మోకాటి లోతు. ఆ రోజు నీళ్ళు బూడిద రంగులో ఉన్నాయి. కొమ్మలు కొట్టుకుపోతున్నాయి. ఇంకొకటి, చప్పుడు. నీటి చప్పుడు కాదు, దాని కింద ఇంకో చప్పుడు. గోదాంలో పీపాలు దొర్లిస్తున్నట్టు గుడుగుడుమని. అవి బండరాళ్ళు. నీటి అడుగున బండరాళ్ళు దొర్లుతున్నాయి. ఆ సంగతి నాకు అప్పటికే తెలుసు. పుస్తకంలో చదివాను, ఒకరోజు క్లాసుకి కూడా వెళ్ళాను. తెలిసి ఏం లాభం?

ఎందుకంటే అవతల ఒడ్డున ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. తెల్లగడ్డం, పెద్దాయన. రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నాడు. అరుస్తున్నాడు కూడా, ఏటి హోరులో ఒక్క ముక్క వినబడదు. మేం ఏమనుకుంటాం? రమ్మంటున్నాడు అనుకున్నాం. ఇక్కడ దాటొచ్చు, రండి రండి అంటున్నాడనుకున్నాం. మనకి ఏది కావాలో అదే కనబడుతుంది, అవునా కాదా?

నేను దిగాను. ముందు నేనే దిగాను. ఒక అడుగు, రెండు అడుగులు, మూడో అడుగుకి తొడ దాటింది. నా కాలి కింద రాయి కదిలింది. నేను తొక్కితే కదిలింది కాదు, తనంతట తను కదిలింది. ఆ కదలిక పాదంలోంచి పొట్టలోకి వచ్చింది. వెనక్కి తిరగకూడదని క్లాసులో చెప్పారు, నీటి తాకిడికి పక్కకి తిప్పేస్తుంది. అలాగే వెనక్కి, చేపల కర్ర పట్టుకున్నట్టు నడక కర్ర రెండు చేతులా పట్టుకుని, అంగుళం అంగుళం ఒడ్డుకి వచ్చాను. వచ్చి కూలబడ్డాను. ముగ్గురం మాట్లాడుకోలేదు.

ఆ రాత్రి అడవిలో, ఒక ప్లాస్టిక్ పట్టా కింద. చీకటి పడేదాకా శాండ్‌ఫ్లైలు, అంటే కుట్టే చిన్న ఈగలు, పీక్కుతిన్నాయి. ఎదురుగా హట్ కిటికీలో కొవ్వొత్తి వెలుగు. ఇంతకంటే బాధ ఉంటుందా చెప్పండి?

తెల్లారి ఏడింటికి లేచి చూస్తే ఏరు తీసింది. నీలం రంగు, అడుగున గులకరాళ్ళు కనబడుతున్నాయి. మోకాలి పైకి ఇంత. అయిదు నిమిషాల్లో దాటాం. పెద్దాయన అప్పటికే నీళ్ళు మరిగించి పెట్టాడు. టీ చేతికిచ్చి ఒక్కటే అన్నాడు: "నిన్న నేను వద్దు వద్దని అరిచాను. మీరు దిగారు. రాత్రి నాకు నిద్ర పట్టలేదు." ఆయన ఆ హట్‌లో అప్పటికి రెండు రోజులుగా ఉన్నాడు. మా ఒడ్డుకి రావడానికే. పుస్తకం చదువుకుంటూ, కట్టెలు కొట్టుకుంటూ ఏరు తగ్గేదాకా కూర్చున్నాడు. డెబ్బై ఏళ్ళవాడు రెండు రోజులు కూర్చోగలిగాడు, మేం పదహారు గంటలు ఆగలేకపోయాం. ఎందుకు? సోమవారం డ్యూటీ.

అప్పటినుంచి నేను నడక నేర్పను. ఎవరడిగినా ఆగడం నేర్పుతాను.

ఎందుకు ఆగడం పని చేస్తుందో చెప్తాను, ఇది కాస్త వినండి. ఇక్కడి ఏళ్ళు మన గోదావరి, కృష్ణలాంటివి కావు. గోదావరికి వరద వస్తే రోజుల తరబడి ఉంటుంది. ఇవి పొట్టి ఏళ్ళు, నిట్టనిలువు కొండల్లోంచి దిగేవి. టాస్మన్ సముద్రం మీంచి వాయవ్యపు గాలి తడంతా మోసుకొచ్చి సదరన్ ఆల్ప్స్‌కి గుద్దుకుంటుంది. అక్కడే కుమ్మరిస్తుంది. హొకిటికా వెనక కొండల్లో క్రాప్ అనే ఏరుంది, అక్కడ సగటున ఏడాదికి 11 మీటర్లకి పైగా వాన పడుతుంది. మీటర్లు అంటున్నాను, మిల్లీమీటర్లు కాదు. ఆ నీళ్ళు గంటల్లో వస్తాయి. కానీ గంటల్లోనే పోతాయి. పొద్దున పీకల్లోతు, వాన ఆగితే మర్నాటికి మోకాలు. అంటే ఆగినవాడికి ఏరే దారిస్తుంది. ఇంకో సంగతి, మీ నెత్తిన ఎండ కాస్తున్నా పైన కొండ వెన్ను మీద వాన పడుతుండొచ్చు. మీ మీద పడని వానే మిమ్మల్ని ముంచుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఏళ్ళలో మునిగి పోయేవాళ్ళు ఎంతమంది ఉండేవారంటే, ఆ చావుకి 'న్యూజిలాండ్ చావు' అనే పేరు వచ్చింది.

మరి దాటొచ్చా లేదా ఎలా తెలుస్తుంది? ఒక కర్రముక్క నీటిలో వేసి దాని పక్కన ఒడ్డు మీద నడవండి. మీ నడక కంటే అది ముందుకి పోతే దిగొద్దు. నీళ్ళు మురికిగా ఉంటే, అడుగు కనబడకపోతే దిగొద్దు. చెట్లు కొమ్మలు కొట్టుకొస్తుంటే దిగొద్దు. రాళ్ళ చప్పుడు వినబడితే ఆ ఒడ్డున నిలబడను కూడా నిలబడొద్దు, పట్టా వేసుకోవడానికి చోటు వెతుక్కోండి. అన్నీ బాగున్నాయి, అప్పుడు ఇంకొకటి చూడాలి: కాలు జారితే నేను ఎక్కడికి పోతాను? కింద వంపు తిరిగి రాళ్ళమీద మెల్లగా పారుతుంటే సరే. కింద జలపాతమో, పడిపోయిన చెట్లో ఉంటే ఇక్కడ మోకాలి లోతైనా వద్దు. ఏరు పాయలుగా విడిపోయినచోట దాటడం మేలు, ఒక్కో పాయలో బలం తక్కువ.

బూట్లు విప్పొద్దు. కొత్తవాళ్ళందరూ చేసే పని ఇది, బూట్లు తడుస్తాయని విప్పి మెడలో వేసుకుంటారు. వట్టి కాళ్ళతో రాళ్ళ మీద నిలదొక్కుకోలేరు. తడవనివ్వండి. ఎలాగూ పది నిమిషాలకి ఇంకో వాగు వస్తుంది. గుంపుగా దాటేటప్పుడు, ఇటు చూడండి, మీరిద్దరూ ఒకసారి లేచి నిలబడండి. ఒకరి పక్కన ఒకరు. ఇప్పుడు మీ చెయ్యి ఆయన వీపుకీ బ్యాగ్‌కీ మధ్యలోంచి పోనిచ్చి నడుం దగ్గర పట్టీ పట్టుకోండి. ఆయన మీది పట్టుకుంటారు. ఛాతీ మీది క్లిప్పు తీసేయండి. అందరిలో బలమైన మనిషి ఏటికి ఎగువ పక్కన ఉండాలి. వరస మొత్తం ప్రవాహం వెంబడే, ప్రవాహానికి అడ్డంగా కాదు, అర్థమైందా? ఎగువ మనిషి నీటిని చీలుస్తాడు, మిగతావాళ్ళు ఆ నీడలో నడుస్తారు. అందరి మొహాలూ ఎదుటి ఒడ్డు వైపు. కూర్చోండి, థాంక్యూ. కానీ ఇది ఇంట్లో నేర్చుకునేది కాదు, చిన్న ఏట్లో, వేసవిలో, తెలిసినవాళ్ళతో కలిసి అలవాటు చేసుకోవాలి.

ఆగాలంటే ఆగగలిగేలా బయల్దేరాలి. మా తప్పు ఏటి దగ్గర జరగలేదు. శుక్రవారం కారెక్కినప్పుడే జరిగింది. తిండి సరిగ్గా లెక్కేసుకున్నాం, సెలవు సరిగ్గా లెక్కేసుకున్నాం, ఇంట్లో ఆదివారం రాత్రికి వస్తామని చెప్పాం. ఇప్పుడు ఎలా చేస్తానంటే, ఒక రోజు తిండి ఎక్కువ. ఆఫీసులో ఒక రోజు సెలవు ఎక్కువ. ఇంట్లో రెండు తేదీలు చెప్తాను, ఈ రోజుకి వస్తాను, రాకపోతే కంగారు పడొద్దు, ఆ రోజుకీ రాకపోతే పోలీసులకి ఫోన్ చెయ్యి. మొదట్లో మా అమ్మకి ఈ రెండో తేదీ అర్థమయ్యేది కాదు. "రెండో తేదీ ఎందుకురా, మొదటి తేదీకే రా" అనేది. ఆవిడకి ఇంకో భయం పాములు. ఈ దేశపు అడవిలో పాములు లేవమ్మా అంటే ఇప్పటికీ నమ్మలేదు.

బీకన్ తీసుకెళ్ళండి. పీఎల్‌బీ అంటారు, చేతిలో పట్టే పరికరం, ఆపదలో నొక్కితే 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహానికి సంకేతం పంపుతుంది, కొనక్కర్లేదు, అద్దెకి దొరుకుతుంది. కానీ అది ఉంది కదా అని ఏట్లోకి దిగడం మాత్రం... వద్దు. మునుగుతున్నప్పుడు దాన్ని ఎవడు నొక్కుతాడు?

హట్‌లోకి వెళ్ళగానే ఒక పుస్తకం ఉంటుంది. పేరు, ఎంతమంది, ఎక్కడినుంచి వచ్చారు, రేపు ఎటు పోతారు. రాయండి. అక్కడ పడుకోకపోయినా, దారిలో పది నిమిషాలు ఆగినా రాయండి. తప్పిపోయినవాళ్ళ కోసం వెతికేవాళ్ళు మొదట తెరిచేది ఆ పుస్తకమే. మీ పేరు చివరిసారి ఏ హట్‌లో ఉందో అక్కడినుంచి వెతకడం మొదలుపెడతారు.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. బాగా చిన్న హట్‌లు ఉచితం. మామూలువాటికి టికెట్లు గానీ, ఆరు నెలలకో ఏడాదికో పాస్ గానీ కొనుక్కోవాలి. టికెట్ ఉంటే బంకు ఉన్నట్టు కాదు, ముందొచ్చినవాళ్ళది బంకు. గ్రేట్ వాక్స్ అనే పేరుమోసిన దారులు వేరు, వాటికి సీజన్‌లో తప్పకుండా బుక్ చేసుకోవాలి. ఇంకొన్నింటికి కూడా బుకింగ్ ఉంది. ధరలు మారుతుంటాయి, డాక్ వెబ్‌సైట్ చూసుకోండి.

మొదటిసారి పెద్దది నడుద్దామనుకునేవాళ్ళకి నేను చెప్పేది ట్రావర్స్–సబీన్. నెల్సన్ లేక్స్‌లో. చుట్టూ తిరిగి వచ్చేది, సుమారు 80 కిలోమీటర్లు, నాలుగు నుంచి ఏడు రోజులు. ఏడు పెట్టుకోండి. పెద్ద ఏళ్ళకి చాలావరకు వంతెనలు ఉన్నాయి కాబట్టి నా కథలో ఉన్న భయం అక్కడ తక్కువ, వానలో పక్క వాగులు మాత్రం పొంగుతాయి. సెయింట్ ఆర్నాడ్ అనే చిన్న ఊళ్ళో మొదలు. రొటొయిటి సరస్సు అంచున నడిచి ట్రావర్స్ లోయలోకి. అంతా బీచ్ అడవి. బీచ్ అంటే సముద్రం కాదు, ఆ పేరు గల చెట్టు. బోదెలన్నీ మసి పూసినట్టు నల్లగా ఉంటాయి, చెయ్యి పెట్టి చూడండి, మెత్తగా ఉంటుంది. బెరడులోంచి వెంట్రుకంత సన్నటి తీగలు బయటికొచ్చి ఉంటాయి, ప్రతి తీగ చివరా ఒక బొట్టు. వేలితో తీసి నాలిక మీద వేసుకుంటే తీపి. చెట్టులో దాక్కున్న చిన్న పురుగు వదిలే తేనె అది, పక్షులకి ఆహారం. వేసవి చివర్లో కందిరీగలు కూడా దాని కోసమే మూగుతాయి, అవి పరాయి దేశం నుంచి వచ్చినవి, చూసి చెయ్యి పెట్టండి. ఆగినచోట నేలని కర్రతో కాస్త గీకితే రాబిన్ అనే బూడిద రంగు పిట్ట వచ్చి మీ బూటు మీద కూర్చుంటుంది. మనిషంటే భయం లేదు దానికి. నాకు ఆ పిట్టని చూస్తే కొంచెం బాధగా కూడా ఉంటుంది, ఆ భయం లేకపోవడం వల్లే ఎలకలకీ, స్టోట్‌లు అనే ముంగిసలాంటి జంతువులకీ దొరికిపోతుంది. దారి పక్కన చెక్కపెట్టెలు కనబడితే అవి బోనులు, ముట్టుకోకండి.

రెండో రోజుకో మూడో రోజుకో అప్పర్ ట్రావర్స్ హట్. అక్కడినుంచి సుమారు 450 మీటర్లు ఎక్కితే ట్రావర్స్ శాడిల్, 1787 మీటర్ల ఎత్తు. శాడిల్ అంటే రెండు శిఖరాల మధ్య కనుమ. కత్తితో కోసినట్టు ఒకచోట అడవి ఆగిపోతుంది, తర్వాత గడ్డి, రాయి. ఆ పక్క వెయ్యి మీటర్లకి పైగా దిగుడు. మ్యాప్ మీద వేలెడు దూరం, రోజంతా పడుతుంది. ఇక్కడి బోర్డుల మీద గంటలు రాసేది అందుకే. చెట్ల వేళ్ళ మీద, రాళ్ళ మీద, బురదలో గంటకి రెండు కిలోమీటర్లు నడిస్తే నేను బాగా నడిచాననుకుంటాను. మబ్బు దిగితే శాడిల్ ఎక్కకండి, హట్‌లో ఆగండి. చలికాలంలో అక్కడ కొండ మీంచి మంచు చరియలు విరుచుకుపడతాయి, ఆ రోజుల్లో అసలు వద్దు. కిందకి దిగాక వెస్ట్ సబీన్ హట్, అక్కడినుంచి పక్కదారిలో బ్లూ లేక్. మావోరీ పేరు రొటొమైరెఫెనువా. ఆ నీటిలో 70, 80 మీటర్ల దూరం దాకా కనబడుతుందని కొలిచారు, సహజమైన మంచినీళ్ళలో అంత తేటవి ఇంకెక్కడా కొలవలేదు. ఆ సరస్సు అక్కడి మావోరీలకి పవిత్రం. కాలు పెట్టొద్దు, గిన్నె కడగొద్దు, సీసా ముంచొద్దు. ఒడ్డున కూర్చుని చూడండి.

రాత్రి బూట్లు బయట వదలొద్దు. కేయా అనే కొండ చిలక ఉంది, తెలివిలో మనకి తాతలాంటిది. ఒక బూటు ఎత్తుకుపోతుంది, రెండోది మీకు వదిలేస్తుంది.

హట్ వదిలేటప్పుడు ఊడ్చాలి. చెత్త మీతోనే మోసుకుపోవాలి. వాడిన కట్టెలకి బదులు కట్టెలు కొట్టి లోపల పెట్టాలి, పొడి చితుకులు ఒక గుప్పెడు పొయ్యి పక్కన. తర్వాత వచ్చేవాడు ఎలా వస్తాడో మీకు తెలీదు, వేళ్ళు కొంకర్లు పోయి అగ్గిపుల్ల కూడా గీయలేని స్థితిలో రావచ్చు. బంకులన్నీ నిండాక ఎవరైనా తలుపు తోస్తే, జరిగి కూర్చోవాలి. నేల మీద చోటుంటే చోటున్నట్టే.

బట్టల గురించి చాలామంది అడుగుతారు. కాటన్ వద్దు, తడిస్తే ఆరదు, ఒంట్లో వేడి లాగేస్తుంది. ఉన్ని, లేదా సింథటిక్. రెండే జతలు: నడిచే జత, పడుకునే జత. పడుకునే జత మందపాటి ప్లాస్టిక్ సంచిలో, ఏట్లో పడ్డా తడవకుండా. తెల్లారి లేవగానే వెచ్చటి పొడి బట్టలు విప్పి, నిన్నటి తడి సాక్సు మళ్ళీ తొడుక్కోవాలి. ట్రాంపింగ్‌లో నాకు నిజంగా కష్టమనిపించేది ఆ ఒక్క నిమిషమే. కొండలు కాదు. ఆ తడి సాక్సు.

టైం అయిపోయిందని సైగ చేస్తున్నారు. మ్యాప్ పక్క బల్ల మీద పరిచాను, టోపో50, ఒకటికి యాభైవేల స్కేలు, నెల్సన్ లేక్స్‌ది. హట్‌లన్నిటికీ పెన్సిల్‌తో సున్నా చుట్టాను. స్టవ్ లోపల వెలిగించనివ్వరట, మెట్ల దగ్గరికి రండి, అక్కడ చూపిస్తాను. అగ్గిపెట్టె ఎవరి దగ్గరైనా ఉందా? నాది ఇంట్లో మర్చిపోయాను.